యెషయా గారి మొలకలు

నవంబరు నాలుగో తేదీ, మంగళవారం. ఆ పొద్దున యెషయా గారు తిన్నవి రాత్రి మిగిలిన రెండు చపాతీలు, కొంచెం టమాటా పచ్చడి. ఆ తేదీ ఆయనకు గుర్తుండిపోవడానికి కారణం మాత్రం చపాతీలు కాదు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, వంటింటి గూట్లో చీకటి మూలనున్న గిన్నె బయటికి తీసి, అందులోని తడిగుడ్డ మూట విప్పి చూస్తే పెసలకు తోకలు వచ్చి ఉన్నాయి. తెల్లగా, సన్నగా, ఒక్కొక్కటి అర అంగుళం. మూడు వారాల్లో అది మూడో ప్రయత్నం. మొదటిసారి నీళ్ళు వంపడం మరిచిపోతే పెసలు జిగురు తేలి వాసన వేశాయి. రెండోసారి గుడ్డ తడపడం మరిచిపోతే రాళ్ళలా మిగిలాయి. ఈసారి ఏదీ మరవలేదు.

ఇంత శ్రమ దేనికంటే, ఆదివారం చర్చిలో కోతల పండుగ. సంఘంలో ఎవరు ఏది పండిస్తే అది తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాట పాడతారు. సికింద్రాబాదులో పండించేవాళ్ళు ఎందరుంటారు? చాలామంది శనివారం సాయంత్రం మోండా మార్కెట్‌లో గుమ్మడికాయ కొని ఆదివారం పొద్దున పండించినంత వినయంగా తెస్తారు. యెషయా గారి భార్య ప్రేమమణి మాత్రం అలా ఎప్పుడూ చేయలేదు. చిలకలగూడలో తమ రెండో అంతస్తు ఇంటి బాల్కనీలో ఆరు కుండీలు పెట్టి ఏటా గోంగూర పట్టుకెళ్ళేది.

ఆమె పోయి రెండేళ్ళయింది. కుండీలు కూడా ఆమె వెనకే వెళ్ళాయి. యెషయా గారు వాటిని పట్టించుకోక కాదు, రోజుకు నాలుగుసార్లు నీళ్ళు పోసి. మొదటి ఏడు ఆయన బల్ల మీద ఒక కానుక కవరు పెట్టి వచ్చారు. నిరుడు మార్కెట్‌లో గోంగూర కట్ట కొని పెట్టారు. ఎవరో దాన్ని పాడుకుని, "అచ్చం ప్రేమమణి గారి గోంగూరే" అన్నారు. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. ఈ ఏడు ఆమె పేరిట, ఈ ఇంట్లో తన చేతి కింద మొలిచినది ఏదో ఒకటి, పిడికెడైనా సరే, ఆ బల్ల మీద ఉండాలని పంతం. మట్టితో తనకు పొత్తు కుదరదని తేలిపోయింది కాబట్టి మట్టి అక్కర్లేని పంట వెతుక్కున్నారు.

కొలత తెలిసింది. గురువారం రాత్రి కొత్తగా పెసలు నానబోసి, శుక్రవారం మూట కడితే, ఆదివారానికి అంగుళం తోకలు వస్తాయి. ఈ పథకం కుదిరిన సంతోషంలో, కళ్ళజోడు ఎక్కడుందో వెతక్కుండానే ఆయన ఫోను తీశారు. సంఘ కాపరి షాలేమ్ అయ్యగారు ప్రతి మంగళవారం ప్రార్థన గుంపులో విన్నపాలూ స్తుతులూ పంపమని అడుగుతారు. యెషయా గారు ఒక్క వేలితో, ఒక్కో అక్షరం పొడుస్తూ రాశారు:

"అయ్యగారూ, మూడు వారాలుగా కష్టపడుతున్నాను. ఈ పొద్దున మొలలు వచ్చాయి. ఆదివారం సంఘం ముందుకు తెస్తాను. ప్రార్థించండి."

మొలకలకూ మొలలకూ మధ్య తెలుగులో ఒక్క 'క' తేడా. మొదటివి పెసలకు వస్తాయి. రెండోవి మనిషికి వస్తాయి. వస్తే మనిషి కుర్చీలో పక్కకు ఒరిగి కూర్చుంటాడు తప్ప ఎవరికీ చెప్పుకోడు. ఇంకెవరైనా ఈ మాట పంపి ఉంటే, అక్షరం జారిందేమోనని ఒకరైనా అనుకునేవారు. కానీ యెషయా గారు ముప్పై ఒక్క ఏళ్ళు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దిన మనిషి. సంఘం వాళ్ళ పెళ్ళిపత్రికలన్నీ ఆయన చూశాకే అచ్చుకు వెళ్ళేవి. ఆయన మొలలు అని రాశారంటే అవి మొలలే.

అరగంట తర్వాత గుంపులో ఒక నమస్కారం బొమ్మ వచ్చింది. దాని వెనక ముప్పై వచ్చాయి. యెషయా గారు చూసుకుని, పట్నంలో ఉన్నా వీళ్ళకు పంట మీద ఇంత భక్తి ఉందా అని లోలోపల ఆనందించారు.

మధ్యాహ్నం చెల్లెలు హదస్సా బోయిగూడ నుంచి ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"

"మూడు వారాలమ్మా. మొదట వాసనేసినయ్. తర్వాత గట్టిపడిపోయినయ్. ఇప్పుడు బాగున్నయ్."

"డాక్టరుకు తెలుసా?"

"ఇదంతా డాక్టరు చెప్పిందే గదా." షుగరు ఉన్నవాళ్ళకు మొలకలు మంచివని ఆయన చెప్పిన మాట నిజమే.

"మరేం చేస్తున్నావ్ వాటికి?"

"ఏముందీ. పొద్దున, సాయంత్రం చన్నీళ్ళతో కడిగి, తడిగుడ్డ కట్టి, వెలుతురు తగలకుండా ఉంచుతున్నా. మీ వదిన అట్లనే చేసేది."

"వదినకు సుత ఉండేవా?"

"ఎప్పుడూ ఉండేవి. ఇన్నేళ్ళు ఇంటికి వస్తూ పోతూ ఉన్నవ్, చూడలేదా?"

"నేనెట్ల చూస్తా అన్నయ్యా," అని హదస్సా ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రమంతా ఆమె ప్రేమమణిని తలుచుకుని ఏడ్చింది. అంత బాధ పెట్టుకుని, ముప్పై ఏళ్ళు నవ్వుతూ అందరికీ వడ్డించిన వదిన.

బుధవారం పొద్దున్నే ఆమె రెండు సంచులతో దిగింది. ఒకదాంట్లో ముల్లంగి దుంపలు, మజ్జిగ సీసా, ఇంకోదాంట్లో నడిమధ్య కన్నం ఉన్న గుండ్రటి రబ్బరు గాలి దిండు. కింది అంతస్తులో ఉండే జంగయ్య ఆమె సంచులు మోసిపెట్టాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ఆయనకు మెట్ల మీద విషయమంతా తెలిసిపోయింది. హదస్సా గాలి దిండును కుర్చీలో వేసి అన్నను దాని మీద కూర్చోమంది. ఇది నడుముకా అని యెషయా గారు అడిగితే, దాని కిందికి అంది. చెల్లెలు మోసుకొచ్చింది కదా అని ఆయన కూర్చున్నారు. చాలా హాయిగా ఉంది. ఈ వయసులో హాయిగా ఉన్నదాన్ని కారణం అడగకూడదని ఆయన ఎప్పుడో నేర్చుకున్నారు.

జంగయ్య గుమ్మంలోనే నిలబడి ధైర్యం చెప్పాడు.

"సారూ, ఏం పరేషాన్ కాకుండ్రి. మా బామ్మర్దికి సుత గిట్లనే అయినయి. కారం బంద్ పెట్టిండు. అంతే, సాఫ్."

"నేను కారం వెయ్యను జంగయ్యా," అన్నారు యెషయా గారు. "కొంచెం ఉప్పు చల్లి, పైన నిమ్మకాయ పిండుతా."

జంగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "నిమ్మకాయనా?"

"ఆ. ఉంటే ఇంత ఉల్లిపాయ కూడా సన్నగా తరిగి."

"మంట పుట్టదా సారూ?"

"ఎందుకు పుడుతుంది? రుచిగా ఉంటది."

జంగయ్య మెట్లు దిగుతూ, చదువుకున్నోళ్ళ సంగతి మనకు తెల్వదు అని గోడతో చెప్పుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆయన భార్య ఉప్పూ కారమూ లేని పెసరకట్టు ఒక గిన్నెడు పంపింది. అది మొదలు. సంఘం నుంచి గురువారం ఇద్దరు, శుక్రవారం నలుగురు క్యారేజీలు తెచ్చారు. సొరకాయ, బీరకాయ, పెరుగన్నం, అరటిపండ్లు. ఎవరూ ఎక్కువసేపు ఉండలేదు. ఎవరూ ఏ పేరూ ఎత్తలేదు. "దాని సంగతి" ఎట్లా ఉందని అడిగారు, బాగా పెరుగుతోందని ఆయన చెప్పగానే కళ్ళు దించుకున్నారు. ప్రేమమణి పోయాక యెషయా గారు ఇంత మెత్తగా వండిన కూరలు తినడం అదే మొదటిసారి. చప్పగా ఉన్నా వేడిగా ఉన్నాయి.

గురువారం సాయంత్రం షాలేమ్ అయ్యగారు స్వయంగా వచ్చారు. యువకుడు, మాట మెత్తన. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫ్యాను వైపు చూస్తూ అన్నారు.

"ఆదివారం మీరు మాటగా చెప్తే చాలండీ. ముందుకు తేనక్కర్లేదు."

యెషయా గారి మొహం చిన్నబోయింది. గుమ్మడికాయల ముందు తన పిడికెడు గింజలు సంఘానికి తలవంపులని అయ్యగారు అనుకుంటున్నారన్నమాట.

"చిన్నవే అయ్యగారూ. నాకు తెలుసు. కానీ నావి. మా ప్రేమ పేరిట తెద్దామనుకున్నా."

"చిన్నవే అయితే దేవునికి స్తోత్రం," అన్నారు అయ్యగారు. ప్రేమమణి సంగతి హదస్సా ఆయన చెవిన వేసే ఉంది కాబట్టి ఆ పేరు వినగానే కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. లేస్తూ, "సరే, మీ మనసుకు తోచినట్టే చెయ్యండి. కాకపోతే కప్పి ఉంచండి" అన్నారు. తప్పకుండా గుడ్డ కప్పే తెస్తానని యెషయా గారు మాటిచ్చారు. ఆ రాత్రి దోసెడు కాదు, రెండు దోసిళ్ళు నానబోశారు.

శుక్రవారం మూట కట్టారు. శనివారం మధ్యాహ్నం విప్పి చూస్తే తోకలు అంగుళానికి దగ్గరపడ్డాయి. మళ్ళీ కట్టి గూట్లో పెట్టి, పండుగకు క్షవరం చేయించుకుందామని బజారుకు వెళ్ళారు. తాళంచెవి జంగయ్య దగ్గర ఉంటుంది. నాలుగింటికి హదస్సా వచ్చి తలుపు తీసుకుంది. అన్న కోసం ముల్లంగి రసం తీద్దామని గిన్నె వెతుకుతుంటే, వంటింటి చీకటి మూలలో తడిగుడ్డ మూట కనిపించింది. ఫోనులో చెప్పిన మాట గుర్తొచ్చింది. పొద్దున, సాయంత్రం చన్నీళ్ళు, తడిగుడ్డ, చీకటి. అన్న కాపడం పెట్టుకునే మూట ఇదన్నమాట. పైగా వంటింట్లోనే పెట్టుకున్నాడు. ఆడమనిషి లేని ఇల్లు ఇట్లాగే ఉంటుందనుకుంది. మూట పట్టుకుంటే మంచులా ఉంది. చలికాలంలో చల్లటి కాపడం ఏమిటని, స్టవ్వు మీద పెనం పెట్టి, మూటను అటూ ఇటూ తిప్పుతూ పావుగంట ఓపిగ్గా వేడి చేసింది.

యెషయా గారు వచ్చేసరికి మూట తువ్వాలులో చుట్టి గాలి దిండు మీద సిద్ధంగా ఉంది.

"వేడి మీద ఉంది అన్నయ్యా. నేను వంటింట్లోకి పోతా. దాని మీద కూసో."

యెషయా గారు తువ్వాలు విప్పారు. గుడ్డ విప్పారు. మధ్యాహ్నం నిక్కబొడుచుకుని ఉన్న తోకలన్నీ తలలు వాల్చి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఉడికిన పెసల వాసన కమ్మగా వచ్చింది. ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళతో నిలబెట్టబోతే మళ్ళీ వాలిపోయింది.

"మొలకలు హదస్సా," అన్నారు చివరికి.

"మొలలే గదా."

"మొలకలు. రేపటికి. పండుగకు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసి, మంగళవారం నాటి మాట చదివారు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేతి కింద నుంచి దాటిపోయిన తప్పులు రెండే రెండు, రెండూ అంకెలు. మూడోది ఇదిగో, కళ్ళముందు, నమస్కారం బొమ్మల తలపాగా చుట్టుకుని ఉంది. నాలుగు రోజులుగా ఎవరెవరితో ఏమేం చెప్పారో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డారు. గాలి దిండు మెత్తగా ఆదుకుంది.

సాయంత్రం ఐదు దాటింది. ఇప్పుడు నానబోస్తే రేపటికి ఉబ్బుతాయి తప్ప మొలవవు. పంట పోయింది. పరువైనా దక్కించుకుందామని ఆయన ఫోనులో "సవరణ" అని మొదలుపెట్టి, జరిగిందంతా నాలుగు వాక్యాల్లో రాశారు. ఈసారి రెండుసార్లు దిద్దారు. పంపబోతుంటే తలుపు తట్టిన చప్పుడైంది.

వచ్చింది హెన్రీ గారు. సంఘ పెద్ద, రేపటి వేలం పాట నడిపేది ఆయనే. నవ్వితే పాపమన్నట్టు ఉండే మనిషి. కుర్చీ చూపిస్తే వద్దన్నారు. హదస్సా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు సవరించుకున్నారు.

"ఆ మెసేజ్ అందరికీ ఎట్ల పెట్టగలిగిన్రు యెషయా గారూ? అంత ధైర్యం ఏడికెళ్ళి వచ్చింది?"

యెషయా గారు ఫోను చూపించబోయారు. హెన్రీ గారు చూడలేదు. నేల చూస్తూ చెప్పుకుపోయారు.

"నాకు మూడేళ్ళయింది. మా ఇంట్ల ఆమెకు సుత చెప్పలే. ఆరాధనంతా వెనక నిలబడే ఉంటా, భక్తి అనుకుంటున్నరు అందరు. రక్తం పోతది అప్పుడప్పుడు. చచ్చిపోతనేమో అనిపిస్తది. మంగళవారం మీది చదివి, బాత్‌రూంలకు పోయి ఏడ్చిన. ఒక్కణ్ణే కాదని."

యెషయా గారి వేలు ఫోను మీద అలాగే ఉంది.

"సోమవారం డాక్టర్ దగ్గరికి పోదమా?" అన్నారు హెన్రీ గారు. "పేరు మీది చెప్పుండ్రి. నేను మీకు తోడొచ్చినట్టు వస్తా. మీకెట్లనూ అందరికీ తెలిసిందే."

యెషయా గారు తను రాసిన సవరణను ఇంకోసారి చదువుకున్నారు. ఒక్క తప్పు లేదు. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి వెనక్కి ఒక్కొక్కటే చెరిపేశారు.

"పదిన్నరకు రండి," అన్నారు.

హెన్రీ గారు టీ నిలబడే తాగి వెళ్ళారు. ఆ రాత్రి హదస్సా పశ్చాత్తాపంతో ఉడికిన మొలకలకు ఆవాలూ కరివేపాకూ వేసి తాలింపు పెట్టి గుగ్గిళ్ళు చేసింది. ఎట్లయినా ఇవి నీ చేత మొలిచినవే కదా అంది. యెషయా గారు ఆలోచిస్తే అదీ నిజమే. మొలిచాయి. తర్వాత ఏం జరిగిందన్నది వేరే సంగతి. ఒక చీటీ మీద 'ప్రేమమణి పేరిట, మొలకలు' అని రాశారు. 'క' మీద రెండుసార్లు దిద్దారు.

ఆదివారం బల్ల నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. వాటి నడుమ గుడ్డ కప్పిన స్టీలు గిన్నె. వేలంలో హెన్రీ గారు గుడ్డ తీసి, చీటీ చదివి, యెషయా గారి వైపు ఒకసారి చూసి, పైకి చదివారు. మంగళవారం మొలలు వచ్చాయని చెప్పిన మనిషి ఆదివారం మొలకలు పట్టుకొచ్చి, గట్టి చెక్క బెంచీ మీద తిన్నగా, ఏ పక్కకూ ఒరగకుండా కూర్చుని ఉన్నాడు. అంటే మందు అదన్నమాట. అందరి బుర్రల్లోనూ ఈ లెక్క ఒకేసారి పూర్తయింది. అందరూ అంతకన్న వేగంగా మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

మొదట మూడో వరసలో ఒకాయన, పక్కింటాయన కోసమని చెయ్యెత్తాడు. వెనక నుంచి ఒకావిడ, తన ఆడపడుచు మామగారి కోసమంది. తర్వాత ఆఫీసులో పనిచేసేవాళ్ళు, వరంగల్‌లో ఉండే బాబాయిలు, పేరు చెప్పడానికి వీల్లేని స్నేహితులు ఒకరి మీద ఒకరు వచ్చి పడ్డారు. పెద్ద గుమ్మడికాయకు రెండే చేతులు లేచిన చోట, గుగ్గిళ్ళ గిన్నెకు పద్నాలుగు లేచాయి. ఎక్కడా తగ్గకుండా చివరిదాకా పాడి గిన్నె దక్కించుకున్నది షాలేమ్ అయ్యగారు. ఇంటికి వచ్చే అతిథుల కోసమని చెప్పారు. ప్రేమమణి గోంగూర కూడా ఏ ఏడూ అంత పలకలేదు. యెషయా గారు కళ్ళు తుడుచుకున్నారు. పక్కనున్నాయన నొప్పేమోననుకుని కొంచెం జరిగి చోటిచ్చాడు.

సోమవారం క్లినిక్‌లో రిజిస్టరు రాసే అమ్మాయి, మొలల పేషెంటు యెషయా ఎవరని హాలంతా వినపడేట్టు పిలిచింది. యెషయా గారు చెయ్యెత్తారు. అనుకున్నంత కష్టమేమీ కాలేదు. లోపలికి ఇద్దరూ వెళ్ళారు. మంచం ఎక్కింది మాత్రం హెన్రీ గారు. ప్రాణభయమేమీ లేదని, కత్తి అవసరం కూడా లేదని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాశాడు, నీళ్ళు ఎక్కువ తాగమన్నాడు. పొట్టుతో ఉన్న గింజలు, పచ్చి మొలకలు రోజూ పిడికెడు తినమన్నాడు. బయటికి వచ్చాక హెన్రీ గారు మెట్ల మీద ఆగి, మూడేళ్ళలో మొదటిసారి, శబ్దం లేకుండానే అయినా, నవ్వారు.

"గవి ఇంట్ల ఎట్ల చెయ్యాలి యెషయా గారూ?"

"సాయంత్రం ఇంటికి రండి," అన్నారు యెషయా గారు. "ఏమేం మరిచిపోకూడదో ముందు చెప్తా."

హెన్రీ గారు ఏడింటికి వచ్చి నేర్చుకుని, మూట పట్టుకుని వెళ్ళారు. ఆయన వెళ్ళేలోపే ఫోను మోగడం మొదలైంది. గుంపులో కాదు, విడిగా. డాక్టరు పేరేమిటని ఒకరు, నానబోయడం ఎన్ని గంటలని ఒకరు, ఒకసారి వచ్చి కూర్చోవచ్చునా అని ఒకరు. అందరూ ఎవరో తెలిసినవాళ్ళ కోసమే అడిగారు. తొమ్మిదింటికి లెక్కపెడితే పదకొండు మంది. ఈ రెండేళ్ళలో ఆయన ఇంటికి అంతమంది వస్తామని అనలేదు. ఒక్కొక్కరికీ ఓపిగ్గా, కళ్ళజోడు పెట్టుకుని, రమ్మని జవాబు రాశారు.

మెట్ల మీద ఎవరో హుషారుగా ఎక్కుతున్న చప్పుడైంది. జంగయ్య అయి ఉంటాడు, నిమ్మకాయ సంగతి ఏమైందో అడగడానికి. యెషయా గారు లైటు తీసేసి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు. ఎంతైనా ఒంట్లో బాగాలేని మనిషి కదా.